విప్పి అల్లిన ఊలు

చిలుకూరు బాలాజీ సన్నిధిలో వీసా కోరి 11 ప్రదక్షిణములు చేసిన యువకులు, కోరిక యీడేరి 108 చేయుటకు మరల వచ్చునప్పటికి, చలిదేశములకు కావలసిన స్వెట్టర్లన్నియు అంగడిలో కొని పెట్టెలలో సర్దుకొనియే యుందురు. అమ్మమ్మ చేతి అల్లిక ఒక్కటియైన ఆ పెట్టెలలో కనబడుట నానాటికి అరుదగుచున్నది.

ఈ ఎండలసీమకు ఊలు అల్లిక మిషనరీ దొరసానులవలన వచ్చినదందురు. నర్సాపురము లేసునకును అదే కథ చెప్పుదురు. తెలంగాణ కురుమల గొంగడి మగ్గముపై నేయబడునది గనుక దాని జాతి వేఱు. నేను చెప్పబోవునది రెండు సూదుల పనిని గూర్చి. దాని ఘనత యంతయు విప్పుటలోనే యున్నదని నా దృఢవిశ్వాసము.

నేర్పరియైన గృహిణి పాత స్వెట్టరును విప్పు తీరు చూచి తీరవలెను. చిన్న కత్తెరతో పక్కకుట్లను మాత్రమే తెంపి, ముందు వెనుకలను, చేతులను వేఱుచేసి, క్రిందినుండి అల్లినదైనచో మెడవైపున అల్లిక ముగిసిన కొసను వెదకి పట్టి లాగగా, వరుస వెంబడి వరుస జరజర జాఱివచ్చుచుండును. మోచేతికడ అరిగి పలుచబడిన పోగును చూడకయే వ్రేళ్లతో గుర్తించి తుంచివైచి, తక్కినదానిని కుర్చీవీపునకు చుట్టి చిలపచేసి, నాలుగుచోట్ల నూలుదారముతో వదులుగా కట్టును. ఏండ్లతరబడి మెలికలలో నిలిచిన ఊలు అప్పుడు ఉంగరాలజుట్టువలె నుండును. గోరువెచ్చని నీట నానవైచి, పిండక, చిన్న బరువు కట్టి నీడను వ్రేలాడదీసినచో వంకరలు సాగిపోవును. ఆ ఓపిక లేక అట్లే అల్లువారును కలరు. వారి పని ఎగుడుదిగుడగుటలో వింతయేమి?

ఇక అతుకు! అచ్చమైన ఉన్నియైనచో రెండు కొసల పురి విప్పి, ఒకదానిపై నొకటి పెట్టి, తడిచేసి అరచేతుల నడుమ రుద్దగా ముడిలేకయే కలసిపోవును. ఉన్నిపోగుల పొలుసులు ఒండొంటిని పట్టుకొనుటయే యిందలి మర్మము. అక్రిలిక్కునకు ఆ భాగ్యము లేదు. తండ్రి స్వెట్టరు బిడ్డదగునప్పుడు చాలని రంగు బదులు వేఱొక రంగును పట్టీగా దూర్చి, కొఱతనే సొగసు చేయగల చేతులకు నేను వేయి నమస్కారములు చేయుదును. 1941లో బట్టలకు రేషను విధించిన బ్రిటను ప్రభుత్వము, పాతబట్టలను వాడుకొను విధములు తెలుపుచు 1943లో ‘మేక్ డూ అండ్ మెండ్’ అను పుస్తకము వెలువరింపవలసివచ్చెను. మన ముసలమ్మలకు అట్టి సర్కారు ఉపదేశ మక్కఱలేకపోయెను.

నేటి చౌకసరకు సంగతి యేమి? యంత్రముపై అల్లిన గుడ్డను కత్తిరించి, ఓవర్‌లాకు కొట్టి, చేతిపనియని చెప్పి అమ్ముచున్నారు! దానిని విప్పబోయిన, ప్రతివరుసయు అతుకుకడ ముందే తెగియుండుటచే, చేతికి వచ్చునది గుప్పెడు తునకలు. కావున కొనువారు ముందుగా లోపలియతుకును తిరగవేసి చూడుడు. చేవెళ్ల, మొయినాబాదు బడులలో కుట్టుపని నేర్పు పంతులమ్మలారా, ఒక పాత స్వెట్టరును పిల్లలచేతి కిచ్చి, అల్లించుటకు ముందు విప్పింపుడు!