శస్త్రము – శాస్త్రము: పెన్‌ఫీల్డ్, రాబర్ట్స్‌ల భాషాగ్రంథము

శస్త్రవైద్యము శాస్త్రపరిశోధన నుండి ఫలమును గ్రహించునే గాని, తిరిగి ఇచ్చునది స్వల్పమని సామాన్యాభిప్రాయము. వైల్డర్ పెన్‌ఫీల్డ్, లామార్ రాబర్ట్స్ 1959లో ప్రకటించిన ‘స్పీచ్ అండ్ బ్రెయిన్ మెకానిజమ్స్’ అను గ్రంథము ఈ అభిప్రాయమును సవరించును.

పెన్‌ఫీల్డ్ (1891–1976) ఆక్స్‌ఫర్డులో షెరింగ్టన్ వద్ద నాడీమండల ధర్మములను అభ్యసించెను. 1924లో మాడ్రిడ్‌కు పోయి, రియో ఒర్తేగా వద్ద మెదడు కణములకు రంగుపట్టించి సూక్ష్మదర్శినిలో పరిశీలించు విధానమును నేర్చెను. 1934లో మాంట్రియలులో ఆయన నెలకొల్పిన సంస్థలో చికిత్సాలయమును, ప్రయోగశాలయును ఒకే కప్పు క్రింద వెలసినవి.

మూర్ఛరోగికి వ్యాధిస్థానమును తొలగించుటకు ముందు, మాటకు ఆధారమైన భాగమును గుర్తించి కాపాడవలెను. మెదడునకు నొప్పి తెలియదు. అందుచే తలపై చర్మమునకు మాత్రమే స్పర్శ తెలియకుండ మందిచ్చి, రోగి మెలకువతో నుండగనే మెదడు ఉపరితలమును స్వల్ప విద్యుత్తుతో తాకుచు, బొమ్మలు చూపి పేర్లడిగెడివారు. కొన్నిచోట్ల తాకినపుడు రోగి “ఇది” అనగలిగియు వస్తువు పేరు చెప్పలేకపోయెను; విద్యుత్తును తొలగింపగనే చెప్పెను. ఆ విద్యుత్తు అచ్చుధ్వనిని పలికింపగలిగెనే గాని, మాటను పుట్టింపలేకపోయెను. ఏ జంతువుపై చేసిన ప్రయోగమును ఇట్టి సాక్ష్యమును ఈయజాలదు. రోగి రక్షణకై అడిగిన ప్రశ్నయే శాస్త్రమునకు జ్ఞానమును సమకూర్చినది. గ్రంథమునకు ప్రాణమిదియే.

తుది అధ్యాయము భాషాబోధనను గూర్చినది. 9–12 ఏండ్ల లోపల బాలుని మెదడు భాషలను సులభముగా గ్రహించుననియు, పిదప ఆ శక్తి తగ్గుననియు పెన్‌ఫీల్డ్ మతము. భాషాస్థానము చెడిన పసిబిడ్డ మరల మాట నేర్చుటయు, పెద్దవారికి అది దుర్లభమగుటయు, తన సంతానము అన్యభాషలు నేర్చిన తీరును ఆయనకు ఆధారములు. ఇచ్చట గ్రంథము పట్టు సడలినది. గాయపడిన మెదడు మాటను తిరిగి సంపాదించుట వేరు. ఆరోగ్యవంతుడగు బాలుడు బడిలో రెండవభాష నేర్చుట వేరు. బోధనకు దొరకు గంటలు, ఇంటిభాష, ఉపాధ్యాయుని సామర్థ్యము శస్త్రశాలలో కొలువబడవు. 1978లో ఓజెమన్, విటేకర్‌లు ఇట్టి పద్ధతితోనే ఇద్దరు ద్విభాషీయ రోగులను పరీక్షించి, రెండు భాషల స్థానములు కొంత కలిసియు, కొంత విడివిడిగాను ఉండుటను కనుగొనిరి. వారు తమ సాక్ష్యమును దాటి పోలేదు.

తెలుగునాటికి వెలుపల నున్న తెలుగువారికి ఈ వివేచన అవసరము. ఒకటవ తరగతి నుండియే ఇంగ్లీషు మాధ్యమము మేలనువారు, పసితనమున మెదడు చురుకైనదను వాదమును ముందిడుదురు. పెన్‌ఫీల్డ్ కోరినది పసితనమున మరియొక భాషను చేర్చుట. ఇంటిభాషను బడి నుండి తొలగించుట కాదు. శస్త్రశాలలో ఆయన చూచినదానిని ప్రమాణముగా గైకొనవలెను. బడిని గూర్చి ఆయన ఊహించినదానిని బడిలోనే పరీక్షింపవలెను.