షికాగో హెయిరీ హూ: వికృతరూపాల వెనుక చేతిపని

రెండవ ప్రపంచయుద్ధానంతర అమెరికన్ చిత్రకళ చరిత్ర చాలావరకు న్యూయార్క్ చరిత్రగానే స్థిరపడింది. మొదట పోలక్, రాత్కోల నైరూప్య చిత్రణ, ఆ వెనుక వార్‌హోల్, లిక్టెన్‌స్టైన్‌ల పాప్ కళ. ఈ వరుసలో షికాగో కనిపించదు. 1966లో ఆ నగరంలోని హైడ్ పార్క్ ఆర్ట్ సెంటర్‌లో హెయిరీ హూ పేరుతో ఆరుగురు యువ చిత్రకారులు జరిపిన ప్రదర్శనను ప్రస్తావించేవారు కూడా దానిని తరచు పాప్ కళకు ప్రాంతీయ శాఖగా లెక్కిస్తారు. ఆ చిత్రాలను దగ్గరగా పరిశీలిస్తే ఈ లెక్క సరిపోదని తెలుస్తుంది.

షికాగోలో మానవాకృతి పట్ల మొగ్గు అంతకు ముందు తరానిదే. యుద్ధం నుంచి తిరిగివచ్చి, ప్రభుత్వ సాయంతో కళాశాలలో చేరిన లియాన్ గోలబ్ వంటివారు గాయపడిన, కాలిన, చెక్కుకుపోయిన దేహాలను చిత్రించారు. గోలబ్ రంగును పొరలుగా పూసి, ఆరిన తరువాత మాంసం కొట్టే కత్తితో గీకేవాడు. జ్యాఁ దుబుఫే 1951లో ఆర్ట్స్ క్లబ్ ఆఫ్ షికాగోలో ఇచ్చిన ఉపన్యాసంలో పాశ్చాత్య సంస్కృతి సౌందర్యభావనలనే ప్రశ్నించాడు. ఈ తరానికి విమర్శకుడు ఫ్రాంజ్ షుల్జ్ 1959లో ‘మాన్‌స్టర్ రోస్టర్’ అని పేరు పెట్టాడు. వారి స్వరం గంభీరం, విషాదం. తరువాతి తరం అదే వికృత దేహాన్ని స్వీకరించి దానికి నవ్వు నేర్పింది.

ఆ ఆరుగురు జిమ్ నట్, గ్లాడిస్ నిల్సన్, ఆర్ట్ గ్రీన్, జిమ్ ఫాల్కనర్, సువెలెన్ రోకా, కార్ల్ వర్సమ్. స్థానిక రేడియోలో కళావిమర్శ చేసే హ్యారీ బౌరాస్ గురించి మాట వచ్చినప్పుడు, ఆయన ఎవరో తెలియని వర్సమ్ “హ్యారీ ఎవరు?” అని అడిగాడట. ఆ ప్రశ్నలోని ‘హ్యారీ’ని ‘హెయిరీ’గా, అంటే వెంట్రుకలున్నదిగా మార్చి, బృందానికి పేరు పెట్టుకున్నారు. విమర్శకుడి అధికారాన్ని శ్లేషతో పక్కకు నెట్టిన ఈ పేరే వారి ధోరణికి మంచి పరిచయం. క్యురేటర్ డాన్ బామ్ ప్రోత్సాహంతో 1966, 1967, 1968లలో హైడ్ పార్క్‌లో మూడు ప్రదర్శనలు జరిగాయి. ఒకసారి గోడలన్నిటికీ వంటింటి నేలపై పరిచే పూల లినోలియం అంటించి, దానిమీద చిత్రాలు తగిలించారు.

సాధారణ కాటలాగు బదులు వారు రంగుల కామిక్ పుస్తకాలు అచ్చు వేశారు. మొదటిది ‘ది పోర్టబుల్ హెయిరీ హూ’. అచ్చు చిత్రం వారికి చిత్రలేఖనానికి అనుబంధం కాదు. స్కూల్ ఆఫ్ ది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో వెరా బెర్డిచ్ ఎచింగ్ విభాగాన్ని నెలకొల్పి, లోహపు పలకపై సన్నని గీత గీసి ఆమ్లంతో దానిని లోతు చేసే క్రమశిక్షణను విద్యార్థులకు నేర్పింది. అచ్చు వేసేవాడు బొమ్మను ఎప్పుడూ తిరగేసి ఊహించుకోవాలి. నట్ ప్లెక్సీగ్లాస్ చిత్రాలలోనూ ఇదే పద్ధతి ఉంది. పిన్‌బాల్ యంత్రాల గాజుపలకల ప్రేరణతో అతడు పారదర్శక పలక వెనుకవైపున చిత్రించాడు. ముందు కనిపించవలసిన కనురెప్ప, పుట్టుమచ్చ, కుట్టు మొదట వేయాలి. నేపథ్యం చివర రావాలి. వేసిన గీతపై మరో పొర పూసి తప్పు దిద్దుకునే వీలు లేదు. అల్లరిగా కనిపించే చిత్రం వెనుక ఇంత నిగ్రహం ఉంది.

పాప్ కళతో తేడా ఇక్కడే స్పష్టమవుతుంది. వార్‌హోల్ సూప్ డబ్బాను యంత్రంలా పునరుత్పత్తి చేసి, తన చేతిని దాచాడు. షికాగోవారు దుకాణాల జాబితాలు, నగల ప్రకటనలు, కామిక్ పుటలు తీసుకున్నా వాటిని సొంత చేతితో తిరగరాశారు. రోకా చిత్రాలలో ఉంగరాలు, దీపాలు, కాళ్లు చిన్న చిహ్నాలై, ఒక బాలిక స్త్రీత్వాన్ని నేర్చుకునే అక్షరమాలలా వరుస కడతాయి. నిల్సన్ నీటిరంగుల బొమ్మలలో ఒకరి చేయి ఎక్కడ ముగిసి మరొకరి ముక్కు ఎక్కడ మొదలవుతుందో వెదుక్కోవాలి. వైద్యశాస్త్రపు అట్లాసు దేహాన్ని నిశ్చలంగా విడదీసి చూపుతుంది. వీరి దేహాలు వాచి, కారి, సిగ్గుపడి, తమ ఉనికిని చాటుకుంటాయి.

అయితే ఈ అల్లరి ఎవరిని గాయపరుస్తుంది అన్న ప్రశ్నను దాటవేయరాదు. నట్ తొలి చిత్రాలలో స్త్రీ దేహం తెగి, కుట్లుపడి, హాస్యానికి వస్తువవుతుంది. పురుషులనూ అదే నిర్దయతో గీశాడన్న సమాధానం పాక్షికమే. చూసేవాడి నవ్వు ఇద్దరిపైనా ఒకేలా పడదు. దీనికి బలమైన జవాబు ఆ బృందం వెలుపల, 1968లో ‘ఫాల్స్ ఇమేజ్’ ప్రదర్శనలో పాల్గొన్న క్రిస్టినా రాంబర్గ్ చిత్రాలలో దొరికింది. విందుకు వెళ్లే ముందు తల్లి బిగుతైన కార్సెట్ తొడుక్కోవడం చూసిన జ్ఞాపకం నుంచి ఆమె తల లేని నడుములను, పట్టీలతో బంధించిన వక్షాన్ని చల్లని, మచ్చలేని గీతతో చిత్రించింది. అక్కడ వికృతి దేహానిది కాదు. దేహాన్ని ఒక ఆకారంలోకి నొక్కే వస్త్రానిది, ఆ వస్త్రాన్ని కోరే చూపుది. పిక్స్ వ్యాధి అనే మతిమరుపు రోగంతో 1995లో, యాభై నిండకుండానే ఆమె మరణించింది.

వారు ఎవరి నుంచి తీసుకున్నారన్నది రెండవ ప్రశ్న. రే యోషిడా, విట్నీ హాల్‌స్టెడ్ వంటి అధ్యాపకులు విద్యార్థుల దృష్టిని ఫీల్డ్ మ్యూజియంలోని ఆఫ్రికా, ఓషియానియా వస్తువులవైపు, మాక్స్‌వెల్ వీధి సంతవైపు మళ్లించారు. గురువు లేకుండానే చిత్రకారుడైన నల్లజాతి వృద్ధుడు జోసఫ్ యోకమ్ ప్రకృతి దృశ్యాలను వీరు కొన్నారు, ప్రచారం చేశారు. 1972లో యోకమ్ మరణానికి కొద్దికాలం ముందు న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో అతని చిత్రాల ప్రదర్శన జరిగింది. మ్యూజియం వస్తువుల విషయంలో అలాంటి పరస్పరత లేదు. వాటిని చేసినవారి పేర్లు ఈ కథలో ఎక్కడా వినబడవు. ఈ విషయంలో బార్బరా రోసీ కృషి వేరు. ‘పోర్‌ట్రెయిట్’ అన్న మాటను ‘పూర్ ట్రెయిట్’గా, అంటే పేద లక్షణంగా విరిచి తన ఎచింగులకు పేరుపెట్టిన ఈ చిత్రకారిణి, భారతదేశపు జనసామాన్య చిత్రకళను శ్రద్ధగా అధ్యయనం చేసి 1998లో గ్రంథం ప్రచురించింది. ప్రేరణ పొందిన చోటును పేరుతో సహా చెప్పడం ఆమె పాటించిన మర్యాద.

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లో హెయిరీ హూకు, 2024లో రాంబర్గ్‌కు విస్తృత ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. గౌరవం ఆలస్యంగానైనా దక్కింది. కాని లినోలియం గోడమీద వెక్కిరించిన చిత్రం తెల్లని గోడమీద బుద్ధిమంతురాలిలా నిలబడే ప్రమాదమూ ఉంది. ఆ చిత్రాలను ఇప్పుడు చూసేవారు వాటి ప్రతిష్ఠ సంగతి కాసేపు పక్కనపెట్టి, ఏ బొమ్మ తమకు నవ్వు తెప్పించింది, ఏ బొమ్మ ముందు ఆ నవ్వు ఆగిపోయింది అని గమనించుకోవడం మేలు. నట్‌కూ రాంబర్గ్‌కూ మధ్య దూరం అప్పుడే తెలుస్తుంది.