పొట్టు రాలుతున్న సోఫా

మొన్న ఆదివారం చైతన్యపురి నుంచి మా వియ్యంకుడు గారు వచ్చారు. కాసేపు కూర్చున్నారు, కాఫీ తాగారు, లేచారు. లేచేసరికి తెల్ల పంచె వెనకంతా గోధుమరంగు పొట్టు. మర్యాదస్తుడు కాబట్టి మాట్లాడుతూనే దులుపుకున్నారు. ఆయన మెట్లు దిగాక మా ఆవిడ నాతో అన్న మాటలు ఈ కాలమ్‌లో పట్టవు.

నా సంగతి మీకు తెలిసిందే. గొడుగుకు పుల్ల మార్పించేవాణ్ని, మిక్సీ జారుకు బుష్ వేయించేవాణ్ని. మా అమ్మాయి 'ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉంది నాన్నా' అంటే ఒంటికాలి మీద లేచాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా మెట్రో కింద ఏ షోరూములో అడిగినా పాత సోఫాకు ఎంతో కొంత ఇస్తామంటారు. ఆ ఇచ్చేది కొత్తదాని ధరలో ముందే కలిపి ఉంటుందని నా గట్టి నమ్మకం. కవరు మార్పిద్దాం, అంతే అన్నాను.

లెదర్ సోఫా అని మనం అనుకునేవాటిలో చాలావరకు తోలు ఉండదు. గుడ్డ మీద పూసిన సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. చెమట, ఉక్క, ఎండ తగిలి ఆ పొర గుడ్డను వదిలేస్తుంది. తల ఆనించే చోట ముందు ఊడుతుంది, ఎందుకంటే మధ్యాహ్నం కునుక్కి మనం కొబ్బరినూనె తలతోనే ఒరుగుతాం. అసలు తోలైతే ఎండి పగులుతుంది తప్ప ఇలా పొట్టు రాలదు. పగిలిన తోలుకు క్రీము రాసి, రంగు వేసి కొన్నేళ్లు నడిపించవచ్చు. పొట్టు రాలేదానికి ఏ క్రీమూ పనిచేయదు. మార్చాల్సిందే.

మార్చడం మనకు కొత్తా? మా తాతగారి పడక కుర్చీకి చారల గుడ్డ చిరిగినప్పుడల్లా రెండు కర్రలూ లాగి, కొత్త గుడ్డ కుట్టించి దూర్చేవారు. నవారు మంచమైతే ఇంటిల్లిపాదికీ పండగే. నవారు విప్పి, చుట్టలు చుట్టి, సోడా వేసి ఉడికించి, దండెం మీద ఆరేసేవాళ్లు. అల్లేటప్పుడు మా బాబాయి ఒకవైపు, మేం పిల్లలం ఇంకోవైపు. 'లాగరా, అన్నం తిన్లేదా' అని కేకలు. పట్టీకి కాలు తన్నిపెట్టి లాగితే అరచేతులు ఎర్రగా కమిలిపోయేవి. ఆ రాత్రి మంచం డప్పులా మోగేది. టేకు కోళ్లు మా ముత్తాత నాటివి. వాటిని పారేయాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

ఆ మంచం ఇప్పటికీ ఉంది, సరూర్‌నగర్‌లో మా తమ్ముడింట్లో. 2020 అక్టోబరు 13 రాత్రి వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెరువు కింది కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. తీశాక చూస్తే వీధి పొడుగునా సోఫాలు, పరుపులు కుప్పలు. ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోయింది, ఫోమ్ నీళ్లు తాగి మురిగింది. తాతగారి మంచాన్ని కడిగి, మేడ మీద ఎండబెట్టి, మళ్లీ వాడుకున్నారు.

ఇది గుర్తు పెట్టుకునే కొత్తపేట నుంచి సోఫా పనివాణ్ని పిలిచాను. వచ్చీ రాగానే సోఫాను బోర్లించి, స్క్రూడ్రైవరుతో అడుగు గుడ్డ పిన్నులు పీకాడు. ఓ పెన్ను, మా మనవరాలి క్లిప్పు, వేరుశనగ పొట్టు రాలాయి. బెల్టులు సాగి వేలాడుతున్నాయి. చట్రమంతా ప్యాకింగ్ పెట్టెల చెక్క, మూలల్లో ప్లైవుడ్ ముక్కలు, ఒక మూల చెదపురుగుల మట్టి. వేలితో నొక్కితే చెక్క పిండయింది.

'పై తోలు మార్చమంటే మారుస్త సార్. లోపల బొక్కలే ఖరాబైనయి. రెగ్జిన్, ఫోమ్, కూలి కలిపి కొత్తదాంట్ల సగం అయితది. ఏడాదికి మళ్ల కూలబడితే నన్ను తిడ్తరు' అన్నాడు.

చేతికొచ్చిన పనిని వద్దన్న మనిషి మాట నేను కాదనను. మంచం బతికింది మా బాబాయి నవారు బాగా లాగినందుకు కాదు, కోళ్లు టేకువి కావడం వల్ల. ఈ సోఫా చేసినవాడు దీన్ని ఎవరైనా మళ్లీ విప్పుతారని అనుకోనేలేదు. మార్చేస్తున్నాం. మా అమ్మాయి ఆఫర్‌కే వెళ్తున్నాం. టేకు చట్రం, విడిగా తీసే దిండ్లు, గుడ్డ కవర్లు ఉన్నది చూస్తున్నాం. కవరు చిరిగితే వీధి చివర టైలరు చాలు.

మీ ఇంట్లోనూ ఇదే గొడవైతే ముందు సోఫాను బోర్లించి అడుగు గుడ్డ విప్పించండి. లోపల గట్టి కర్ర ఉంటే కవరు ఎంత చిరిగినా బాగుచేయించండి, షోరూము వైపు పోవద్దు. కొత్తది కొనాల్సి వస్తే సిగ్గుపడకుండా ముందుకాలు ఒకటి అరడుగు పైకెత్తండి. రెండోకాలు కూడా లేవాలి. లేవకపోతే చట్రం మెలి తిరుగుతున్నట్టే. తోలు అని అమ్మితే ఆ ముక్క బిల్లు మీద రాయించుకోండి. పాతదాన్ని మాత్రం దయచేసి మురికినాలా గట్టున వదలకండి. వాన పడితే అది నాలాలోకి జారి, నీళ్లు వీధుల్లోకి తన్నుకొస్తాయి.