బాంకు ఉద్యోగి కావ్యం, స్నేహితుడి కత్తెర

ఎలియట్ "వేస్ట్ లాండ్" పేరెత్తగానే మనవాళ్ళలో ఎవరో ఒకరు "చివర ఉన్నది మన ఉపనిషత్తే కదండీ!" అంటారు. నిజమే. కాని ఆ కావ్యం ఎలా పుట్టిందో తెలుసుకుంటే గర్వంతోపాటు ఆలోచన కూడా కలుగుతుంది.

ఎలియట్ కూడా మనలాగే దేశం విడిచి వచ్చిన ఉద్యోగస్థుడు. 1888లో అమెరికాలో, సెయింట్ లూయీలో పుట్టాడు. హార్వర్డులో లాన్మన్ పండితుడి దగ్గర సంస్కృతం చదివాడు. లండన్ చేరి 1917లో లాయిడ్స్ బాంకులో ఉద్యోగం సంపాదించాడు. పగలు బాంకు పని, రాత్రి రచన. ఇంట్లో భార్య వివియన్‌కు ఆరోగ్యం బాగుండేది కాదు. 1919లో తండ్రి చనిపోయాడు. 1921 వేసవిలో తల్లి వచ్చి చూసి వెళ్ళింది. ఆ శరదృతువుకు ఎలియట్ మనసు, ఒళ్ళు రెండూ తట్టుకోలేని స్థితికి వచ్చాయి. బాంకువారు మూడు నెలలు సెలవిచ్చారు. మార్గేట్ సముద్రతీరంలో కొంతా, స్విట్జర్లాండులోని లొజాన్‌లో డాక్టర్ విట్టోజ్ వైద్యంలో ఉంటూ కొంతా రాశాడు.

1922 జనవరిలో ఆ కాగితాల కట్టను పారిస్‌లో ఎజ్రా పౌండ్ చేతిలో పెట్టాడు. పౌండ్ దాదాపు సగం కొట్టేశాడు. పోప్ కవి ఫక్కీలో రాసిన డెబ్బై పంక్తులు పోయాయి. నాలుగో భాగంలో పది పంక్తులే మిగిలాయి. బెంగపడిన ఎలియట్, ఆ పదీ తీసేయమంటావా అని అడిగితే, ఉండి తీరాలన్నాడు పౌండ్. అందుకే ఆయన్ను వట్టి కత్తెర మనిషి అనకూడదు. ఏది తీయాలో ఎంత తెలుసో, ఏది ఉంచాలో అంతే తెలుసు. లొజాన్‌లో ఒక్క ఊపున వచ్చిన అయిదో భాగాన్ని ఆయన దాదాపు ముట్టుకోలేదు. ఈ కథంతా 1971లో రాతప్రతి అచ్చయ్యాక లోకానికి స్పష్టమైంది.

మన ఉపనిషత్తు ఉన్నది ఆ అయిదో భాగంలోనే. బృహదారణ్యకంలో ప్రజాపతి దేవతలకు దమం, మనుషులకు దానం, అసురులకు దయ చెబుతాడు. ఎలియట్ ఈ వరస మార్చి దానాన్ని ముందు పెట్టాడు. అంటే మనుషులకు చెప్పిన పాఠం మొదటికి వచ్చింది. మనదని చెప్పుకునే మనలో ఎందరం ఈ మార్పు గమనించాం? అరువు తెచ్చుకున్నవాడు చదివినంత శ్రద్ధగా సొంతదారులం చదివామా?

మరొక్క మాట. ఆ మధ్య నా వ్యాసంలో రెండు పేజీలు తగ్గించారని నేను నెల్లాళ్ళు ముఖం ముడుచుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. తన రాతను ఇంకొకరి చేతిలో పెట్టడం కూడా దానమే. ఉద్యోగాల మధ్య తీరిక చిక్కదని అనుకునే మనకు, తీరికకన్నా అటువంటి స్నేహితుడే ఎక్కువ అవసరమేమో!