ముద్ద పెట్టడమూ విద్యే

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు అన్నం తినిపించడం ఎంత పెద్ద విద్యో కుల్కచర్ల మండలంలో ఓ ఇంటి అరుగు మీద చూశాను. బిడ్డకు ఇంకా మెడ నిలవలేదు. ఇంటికొచ్చి చదువు చెప్పే టీచరమ్మ ముందు పలక తీయలేదు. నడుముకు దిండు ఆనించి, పాదాలు పీట మీద ఆనేలా సర్ది, బిడ్డ గదవను కాస్త కిందికి దించింది. "అక్కా, తల ఎన్కకు వాల్చి పెట్టకు. బువ్వ ఊపిరి గొట్టంలకు పోతది" అంది తల్లితో. పప్పన్నం మెత్తగా పిసికి, చెంచాను నాలుక మీద మెల్లగా అదిమి, పెదవులు మూసుకునేదాకా ఆగింది. ప్రతి ముద్దకూ అంతే ఓపిక.

ఇలాంటి టీచర్ల పనిలో సగం ఇలా ఆగడమే. బిగిసిన పిడికిలిని లాగి తెరవరు. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్లు వాటంతటవే వదులవుతాయి. మాట రాని బిడ్డ కళ్లతో అడిగినదానికీ జవాబిస్తారు. సెరిబ్రల్ పాల్సీలో, పుట్టకముందో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు తగిలిన దెబ్బ కాళ్లనూ చేతులనూ మాటనూ కట్టేస్తుంది. తెలివి మాత్రం ఎందరిలోనో చెక్కుచెదరదు. ముంబయిలో మిథూ అలూర్ సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కూతురు మాలినికి తగిన బడి దొరక్క 1970ల మొదట్లో తానే బడి పెట్టారు. ఆ మాలిని లండన్‌లో పీజీ చదివి, ఒక్క వేలితో టైపు చేస్తూ తన జీవితకథ రాసుకున్నారు.

మన పల్లెల్లో తల్లికి ముందు దక్కేది నింద. గ్రహణం నాడు బయటికొచ్చిందంటారు, ఏ పాపం చేసిందో అంటారు. రాత్రి బిడ్డను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేదీ, పొద్దున్నే చంకనేసుకుని ఆసుపత్రికి పోయేదీ ఆమే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. ఈ పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కు. ఆ హక్కును గుమ్మం దాకా మోసుకెళ్తున్న, ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లు మాత్రం కాంట్రాక్టు మీదే ఉన్నారు. క్రమబద్ధీకరణ కోసం 2024 డిసెంబరులో తెలంగాణలో, వీళ్లు పనిచేసే సమగ్ర శిక్ష పథకం ఉద్యోగులు సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఇది మనకు గౌరవం కాదు.

అక్టోబరు 6 ప్రపంచ సెరిబ్రల్ పాల్సీ దినం. ఆ రోజు మీ మండలంలోని భవిత టీచరునూ, ఇలాంటి బిడ్డను సాకుతున్న తల్లినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి సన్మానించండి. శాలువా కప్పి ఊరుకోకండి. ఆ టీచరు ఉద్యోగం పర్మినెంటు చేయమని అదే వేదిక మీద మీ ఎమ్మెల్యేను అడగండి.