పూతరేకు వెనుక శ్రమ: కోనసీమ నేపథ్యంలో పర్యావరణ స్త్రీవాదం

స్త్రీపై సాగే ఆధిపత్యానికీ ప్రకృతిపై సాగే ఆధిపత్యానికీ మూలం ఒక్కటేనని పర్యావరణ స్త్రీవాదం ప్రతిపాదిస్తుంది. 1974లో ఫ్రెంచి రచయిత్రి ఫ్రాన్స్వాజ్ దోబొన్ ఈ భావనకు పేరు పెట్టారు. 1988లో వందనా శివ ‘స్టేయింగ్ అలైవ్’ గ్రంథంలో ప్రకృతిని స్త్రీశక్తిగా దర్శించారు. ఈ దృష్టిని 1992లో బీనా అగర్వాల్ విమర్శించారు. స్త్రీకి ప్రకృతితో గల సంబంధాన్ని వర్గం, కులం, శ్రమ విభజన నిర్ణయిస్తాయని ఆమె వాదించారు.

కొత్తపేట నియోజకవర్గంలోని ఆత్రేయపురం ఈ చర్చకు తగిన నిదర్శనం. బియ్యం నానబెట్టి రుబ్బిన పలుచని పిండిలో గుడ్డను ముంచి, పొయ్యిపై బోర్లించిన కుండ మీదుగా లాగితే క్షణంలో రేకు తేలుతుంది. ఆ రేకులో నెయ్యి, బెల్లం లేదా పంచదార వేసి మడిస్తే పూతరేకు. డెల్టా వరి, మట్టికుండ, పాడి, స్త్రీల చేతినేర్పు ఇందులో కలుస్తాయి. దీనిని స్త్రీ–ప్రకృతి సామరస్యంగా కీర్తించడం సులభమే. అయితే ఆ కీర్తనలో పొయ్యి సెగకు, కూలి లెక్కకు చోటుండదు.

వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డునున్న నరసాపురం లేసు కార్మికులపై మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఈ లోటును పూరిస్తుంది. ప్రపంచ విపణికి సరుకు అందించే స్త్రీలను గృహిణులుగానే లెక్కించి, వారి పనిని తీరిక వేళ వ్యాపకంగా చూపడం వల్ల కూలి తక్కువగా ఉండిపోయిందని ఆమె నిరూపించారు. ఇంటిపట్టున లేసు అల్లే కాపు స్త్రీలకూ పొలం పనికి వెళ్ళే దళిత స్త్రీలకూ మధ్యనున్న కుల అంతరాన్ని కూడా గుర్తించారు. వందనా శివతో కలిసి 1993లో వెలువరించిన ‘ఎకోఫెమినిజం’లో జీవనాధార ఉత్పత్తిని ప్రత్యామ్నాయంగా నిలిపిన మీస్ కంటే, ఈ తొలి మీస్ ఆత్రేయపురానికి ఎక్కువగా ఉపకరిస్తారు. పూతరేకు ఇంటి వంట మాత్రమే కాదు, అంగడి సరుకు కూడా.

పోలికకు పరిమితి ఉంది. లేసు పనిని తీరిక వ్యాపకమన్నారు. పూతరేకు తయారీని కళ అంటున్నారు. గౌరవం పెరిగినా, శ్రమను శ్రమగా లెక్కించే ప్రశ్న మిగిలే ఉంది. 2023లో లభించిన భౌగోళిక సూచిక ఆత్రేయపురం పేరును రక్షిస్తుంది. రేకు తీసిన చేతికి దక్కవలసిన కూలిని నిర్ణయించదు. వరి నాటే చేయి, రేకు తీసే చేయి ఒకే కులానికి చెందినవి కాకపోవచ్చు. కనుక కోనసీమ ఆహార సంస్కృతిపై జరిగే పరిశోధన ‘స్త్రీ’ అనే ఏకవచనాన్ని విడిచి, ఏ స్త్రీ, ఎవరి పొయ్యి ముందు, ఎంత కూలికి అనే ప్రశ్నలతో ప్రారంభం కావాలి.