పిల్లకి లాల పోసే చేయి

కుక్కపిల్లకి మొదటి స్నానం చేయించేది తల్లే. పుట్టిన మూడు వారాల దాకా పిల్ల తనంతట తాను ఉచ్చ కూడా పోయలేదు. తల్లి పొట్ట కింద నాకితేనే ఆ పని జరుగుతుంది. ఆ నాలుక నడక ఎప్పుడైనా గమనించారా? తొందర ఉండదు, అలాగని మధ్యలో వదిలేయడమూ ఉండదు. కుక్కలకు నీళ్లు పోసి, దువ్వి, గోళ్లు తీసే విద్యలో నేను చూసిన మంచి చేతులన్నీ ఆ నాలుక దగ్గర శిష్యరికం చేసినట్టే ఉంటాయి.

సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. డాగ్ షోలకు వెళ్లేవాళ్లందరికీ ఆయన 'తాత'. నేను ఆయన భక్తుణ్ణి, దాచుకోవడం దేనికి? ఒకసారి ఒళ్లంతా జడలు కట్టి చాపలా అయిపోయిన లాసా ఆప్సో పిల్లని తెచ్చారు ఎవరో. గొరిగేయమన్నారు. తాత వినలేదు. పిల్లని ఒళ్లో వేసుకుని, చిటికెడు చిటికెడు మొక్కజొన్న పిండి చల్లుతూ, వేళ్లతో ఒక్కో ముడీ విప్పుతూ నాలుగు గంటలు కూర్చున్నారు. కత్తెర ముట్టుకోలేదు. ఇంకోసారి ల్యాబ్రడార్ పిల్ల ఆయన తొడ మీద నిద్రపోతుండగానే పద్దెనిమిది గోళ్లూ తీసేశారు. పిల్ల చెవి కూడా కదపలేదు!

ఈ పని నీళ్లతో మొదలవదు, దువ్వెనతో మొదలవుతుంది. "తడవక ముందు ముడి దారం, తడిశాక తాడు," అంటారు తాత. చిక్కు ఉన్న బొచ్చు తడిస్తే బిగుసుకుపోతుంది, ఇక కత్తెరే గతి. అందుకే బొచ్చును పాయలు పాయలుగా పైకెత్తి, చర్మం కనబడే దాకా మొదట్నుంచి చివరికి దువ్వాలి. పైపైన దువ్వి మెరిపించడం మోసం.

ఎనిమిది వారాలు నిండేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ తర్వాత కూడా టీకా వేసిన రెండు మూడు రోజులు నీళ్ల జోలికి పోవద్దు. టబ్బులో రబ్బరు చాప వేయాలి. కాలు జారితే పిల్ల ఆ భయాన్ని జన్మంతా మోస్తుంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, మోచేత్తో చూసుకోవాలి. పసిబిడ్డకి లాల పోసే అమ్మమ్మ చూసినట్టే. షాంపూని మగ్గు నీళ్లలో కలిపాకే ఒంటికి పట్టించాలి. మొదట మెడ చుట్టూ నురగతో గోడ కట్టాలి. లేకపోతే ఒళ్లు తడవగానే పేలన్నీ కళ్లవైపు, చెవులవైపు పరుగెత్తుతాయి. మొహం మీద నీళ్లు పోయకూడదు, తడిగుడ్డ చాలు. రుద్దిన సేపటికి రెండింతల సేపు కడగాలి. చంకల్లో మిగిలిపోయిన షాంపూయే మర్నాటి గోకుడు. తువ్వాలుతో అద్దాలి, రుద్దితే మళ్లీ చిక్కులే. డ్రయ్యర్ గాలి ముందు మన అరచేతికి తగిలి, ఆ తర్వాతే పిల్లకి తగలాలి.

గోరు తీయడంలోనే అసలు పనితనం బయటపడుతుంది. తెల్లగోరులో రక్తనాళం గులాబీ రంగులో కనబడుతుంది. నల్లగోరులో కనబడదు. బియ్యపు గింజంత, బియ్యపు గింజంత తీస్తూ పోవాలి; కోసిన చోట నడుమ చిన్న నల్లచుక్క కనబడగానే ఆగిపోవాలి. తాత చెయ్యి ఆ చుక్క దగ్గర ఆగే తీరు చూస్తే మంచి మృదంగం ముక్తాయింపు విన్నట్టుంటుంది.

ఈ విద్య పుట్టుక గురించి చాలా కథలున్నాయి. పూడిల్ కుక్క నీళ్లలో ఈదడానికి వీలుగా ఒళ్లు గొరిగి, చలి తగలకుండా కీళ్ల మీద, ఛాతీ మీద బొచ్చు వదిలేవారట. పారిస్‌లో సెన్ నది ఒడ్డున కుక్కలకు క్షవరం చేసేవాళ్లు బారులు తీరి కూర్చునేవారట. అదంతా అటుంచి, కత్తెర దువ్వెనల ఘనత తెలియాలంటే న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ షోని తలుచుకోవాలి. 1956లో 'విల్బర్ వైట్ స్వాన్' అనే బుల్లి పూడిల్‌ని అక్కడ అన్నిటికన్నా మేటిగా నిలబెట్టింది ఆన్ రోజర్స్ క్లార్క్. తర్వాత 1959లో, 1961లో మళ్లీ పూడిల్స్‌తోనే గెలిచింది. ఒక మనిషి, మూడు కిరీటాలు! పూడిల్‌ని బల్ల మీద నిలబెట్టి దిద్దడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఆ మూడు అంకెలు చాలు.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగేదేమిటి? ఇంటి ముందుకు వ్యాను వస్తుంది. ఇరవై నిమిషాల ప్యాకేజీ! దువ్వకుండా తడుపుతారు, చిక్కుపడిందని మిషను పెడతారు, సెంటు కొట్టి రిబ్బను కట్టి ఫొటో తీస్తారు. మా బంధువుల ఇంట్లో స్పిట్జ్ ఉంది. 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీ అనే కుక్క గుర్తుందా, ఆ జాతే. ఎండాకాలమని దాన్ని నున్నగా గొరిగించారు. ఆ జాతికి బొచ్చు రెండు పొరలు. పై పొర ఎండ నుంచి కాపాడే గొడుగు. కుక్క ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే ప్రాణి కాదు, నాలుక చాపి రొప్పి చల్లబడుతుంది. గొడుగు లాగేసి చల్లదనం చేశామన్నారు! ఏడాది గడిచినా ఆ బొచ్చు సరిగ్గా రాలేదు.

ఇళ్లలో జరిగేది మరీ ఘోరం. ఒంటి సబ్బుతో తోమేస్తారు. కుక్క చర్మం పి.హెచ్. 7 దగ్గర్లో ఉంటే ఆ సబ్బు 9, 10 దాకా పోతుంది. చర్మం పొట్టు లేస్తుంది. పేలు పోతాయని ఫినాయిల్ నీళ్లు పోసేవాళ్లు, కిరసనాయిలు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అవి విషాలు. పిల్ల వాటిని చర్మంతో పీలుస్తుంది, ఒళ్లు నాకి మింగుతుంది. పేలకి మందు పశువైద్యుడి దగ్గర దొరుకుతుంది, పిల్ల బరువు చూసి ఇస్తారు. బాబ్బాబూ, ఆ ఫినాయిల్ సీసా స్నానాల గదిలోంచి తీసేయండి!

ఇదంతా ఒక్క స్నానం గొడవ కాదు. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో అచ్చువేసిన పుస్తకంలో తేల్చిన మాట: మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఎవరిని నమ్మాలో, దేనికి భయపడాలో నేర్చుకుంటుంది. మన ఇంటికి వచ్చేసరికే ఎనిమిది వారాలు. మిగిలింది నాలుగు. ఆ నాలుగు వారాల్లో రోజూ కాసేపు పాదం పట్టుకుని, చెవి తిప్పి చూసి, నోరు తెరిచి, ఒక ముక్క పెట్టి వదిలేస్తే పెద్దయ్యాక ముగ్గురు పట్టుకుని నోటికి గుడ్డ కట్టాల్సిన అగత్యం ఉండదు. తాత అయితే మొదటి వారం నీళ్లే ముట్టరు, ఖాళీ టబ్బులో పిల్లని కూర్చోబెట్టి "ఏం నానా, బాగుందా ఇల్లు?" అని కబుర్లు చెబుతారు. ఆ కబుర్లకు ఏ ప్యాకేజీలోనూ రేటు లేదు.

తాత దగ్గర పని నేర్చుకుంటామని వచ్చిన కుర్రాళ్లు నెల తిరక్కుండా వ్యాన్ల మీదకు వెళ్లిపోయారు. వాళ్లను అనను, నాలుగు గంటల ముడికీ, ఇరవై నిమిషాల మిషనుకీ ఒకే డబ్బులిచ్చేది మనమే. కాబట్టి మొదటి లాల మీ చేత్తోనే పోయండి. చేతకాక ఎవరి దగ్గరికైనా తీసుకెళ్తే ఒక్క ప్రశ్న అడగండి: "ముందు దువ్వుతారా, తడుపుతారా?" తడుపుతామంటే పిల్లని ఎత్తుకుని ఇంటికి వచ్చేయండి.